రెండు సెంటీమీటర్ల చేపకి పేరు తేల్చడం
పగడపు దిబ్బల మీద ఉండే ఎవియోటా అనే మరుగుజ్జు గోబీ చేపల్ని గుర్తుపట్టడం ఇంత కష్టమని నాకు మైక్రోస్కోప్ కింద పెట్టాకే అర్థమైంది. ఫోటోలో చూస్తే ఒళ్లంతా ఎర్రటి చుక్కలు, అద్దంలా లోపలి వెన్నెముక కూడా కనిపించేంత పలుచని శరీరం, కానీ ఆల్కహాల్‌లో వేశాక ఆ రంగులు చాలా వరకు పోతాయి. ఇక మిగిలేవి రెక్కల్లో ముళ్ల లెక్క, తల మీద సూక్ష్మరంధ్రాల వరుస, పొట్ట కింది రెక్కలు. చాలా గోబీలకి ఆ రెండు రెక్కలూ కలిసిపోయి రాయికి అతుక్కునే గిన్నెలా ఉంటాయి, ఎవియోటాలో మాత్రం విడివిడిగానే ఉంటాయి. రంగులు పోతాయి కాబట్టి బతికున్నప్పుడే ఫోటో తీసి పెట్టుకోవాలి, ఇది నేను గట్టిగా చెప్తాను.

అన్నట్టు, వీటిలో ఒక జాతి అయిన ఎవియోటా సిగిల్లాటా గరిష్ఠ ఆయుష్షు 59 రోజులే. చెవిలోని చిన్న రాయి లాంటి ముక్కలో రోజుకో వలయం ఏర్పడుతుంది, వాటిని లెక్కపెట్టి 2005లో ఆ సంగతి ప్రకటించారు. అందులో సుమారు మూడు వారాలు లార్వాగా నడిసముద్రంలోనే గడిచిపోతాయి. మిగిలిన కొద్ది రోజుల్లోనే దిబ్బ చేరి, ఎదిగి, గుడ్లు పెట్టాలి. అలాంటి ప్రాణికి ముళ్లు లెక్కపెడుతూ ఎన్ని గంటలు కూర్చున్నా నాకు ఎక్కువ అనిపించలేదు.