శాంతోమ్‌లో తోమా సమాధి దగ్గర

వేళాంగణ్ణి, గుణదల ఎన్నోసార్లు చూసిన మా అత్తయ్యకు చెన్నైలోని శాంతోమ్ చర్చి మాత్రం మిగిలిపోయింది. ఆమెను తీసుకువెళ్ళే వంతు ఈసారి నాకు వచ్చింది.

రోడ్డు మీద నుంచే 155 అడుగుల తెల్లని శిఖరం కనిపిస్తుంది. వెనక కొద్ది దూరంలోనే సముద్రం. పోర్చుగీసువారు పదహారో శతాబ్దంలో కట్టిన గుడి స్థానంలో, బ్రిటిష్ పాలన కాలంలో 1896 నాటికి ఈ గోథిక్ కట్టడం లేచింది. కట్టడం అందంగానే ఉంది కానీ, నన్ను పట్టి నిలిపింది అది కాదు.

సమాధి మందిరానికి గుడి వెనక వేరే దారి ఉంది. మెట్లు దిగితే నేలమాళిగ, పడుకున్న భంగిమలో తోమా ప్రతిమ. ఏసు గాయాలను తాకి చూస్తే తప్ప ఆయన లేచాడని నమ్మనన్న శిష్యుడు ఈ తోమా. క్రీ.శ. 72లో ఇక్కడికి కొన్ని మైళ్ళ దూరంలోని కొండమీద ఈటెపోటుకు బలయ్యాడని, ఇక్కడ పాతిపెట్టారని సంప్రదాయం. మార్కో పోలో కాలంలో యాత్రికులు ఆయన చనిపోయిన చోటి ఎర్రమట్టిని తీసుకెళ్ళి, నీళ్ళలో కలిపి రోగులకు తాగించేవారట.

నాకు నోరు ఊరుకోలేదు. “ఎముకలు చాలావరకు ఇక్కడ లేవు అత్తయ్యా. ఎప్పుడో ఇప్పటి టర్కీలోని ఎడెస్సాకు తరలించారు. తరువాత గ్రీసులోని కియోస్ దీవికి, 1258లో ఇటలీలోని ఓర్టోనాకు వెళ్ళాయి. ఇక్కడ మిగిలింది చిన్న ఎముక ముక్క, ఈటె మొన.”

“అయితే ఓర్టోనాకు టికెట్ తీస్తావా? తీయవుగా! మరి నన్ను జపమాల చెప్పుకోనీ,” అంది, కళ్ళు తెరవకుండానే.

తోమా వారసుడిని నేనే అనుకుని పక్కన కూర్చున్నాను. ముందు వరుసలో ఒకావిడ తమిళంలో ఏదో గట్టిగానే వేడుకుంటోంది. ఎవరూ తల తిప్పి చూడలేదు.

పైన మైలాపూర్ మాత పాత చెక్క ప్రతిమ ఉంది. 1545లో మైలాపూర్‌లో ఉన్నప్పుడు మత ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ దీని ముందే ప్రార్థించాడని చెబుతారు. అత్తయ్య అసలు మొక్కు ఆమెకేనని అక్కడే తెలిసింది. చీర కొంగుముడి విప్పి డబ్బు హుండీలో వేసింది. మొక్కు ఏమిటో మాత్రం చెప్పలేదు.

సాయంత్రం తోమా బలయ్యాడని చెప్పే ఆ కొండకు, పరంగిమలైకి వెళ్ళాం. మెట్లు ఎక్కలేనివారికి పైదాకా కారు దారి ఉంది. అక్కడి రాతి శిలువ చుట్టూ చెక్కిన పహ్లవీ (ప్రాచీన పర్షియా లిపి) అక్షరాలను నేను చూస్తుంటే, ఎదుట విమానాశ్రయంలో దిగుతున్న విమానాలను అత్తయ్య లెక్కపెట్టింది.