నలభై దాటాక ఐటీలో చోటుంటుందా?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ కేంద్రాల బోర్డుల మీద పేర్లు కొన్నేళ్లకోసారి మారిపోతుంటాయి. మెయిన్‌ఫ్రేమ్స్ పోయి జావా, డాట్‌నెట్ వచ్చాయి; తరువాత హడూప్, ఇప్పుడు జనరేటివ్ ఏఐ. పిల్లలను ఇంజనీరింగులో చేర్చబోయే తల్లిదండ్రులు "ఇందులో ముప్ఫై ఏళ్లు నెట్టుకురాగలరా?" అని నన్ను అడిగినప్పుడు, రాగలరనే చెబుతాను. కాకపోతే బోర్డు మీది పేరునే వృత్తి అనుకున్నవారికి అది కష్టమని కూడా చెబుతాను.

భయానికి కారణం లేకపోలేదు. మన సర్వీస్ కంపెనీలు చాలాకాలంగా మనిషికింత, గంటకింత అని క్లయింటుకు బిల్లు వేస్తూ వచ్చాయి కాబట్టి, అడుగున తక్కువ జీతపు ఫ్రెషర్లు ఎక్కువమంది, పైన అనుభవజ్ఞులు కొద్దిమంది ఉంటేనే వాటికి గిట్టుబాటు అవుతుంది. పన్నెండేళ్లు గడిచేసరికి జీతం పెరుగుతుంది గానీ, స్టేటస్ రిపోర్టులు పోగుచేసి పంపడమే పనిగా మారినవారికి క్లయింటు అంత రేటు ఇవ్వడు. ప్రాజెక్టు ముగియగానే వారు బెంచ్ మీదికి, అంటే చేతిలో ప్రాజెక్టు లేని స్థితికి వస్తారు. 2025 జూలైలో టీసీఎస్ సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించినప్పుడు, ప్రభావం ప్రధానంగా మధ్య, పై స్థాయుల మీదే ఉంటుందని చెప్పింది. మరోవైపు, పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ల వేతనం దశాబ్దానికి పైగా ఏడాదికి మూడు, నాలుగు లక్షల దగ్గరే ఆగిపోయింది. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

అయినా ఈ రంగంలో నిలిచేది ఏదో దగ్గరగా చూశాను. ఒక చెల్లింపుల వ్యవస్థలో కొందరు ఖాతాదారులకు ఒకే కొనుగోలుకు రెండుసార్లు డబ్బు కట్ అయింది. కోడులో తప్పు ఎవరికీ కనబడలేదు. కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషతో ఉద్యోగం మొదలుపెట్టి ఇప్పుడు క్లౌడ్ మీద పనిచేస్తున్న మా సహోద్యోగిని ఒకరు లాగ్‌లు (ప్రోగ్రాము ఎప్పుడేం చేసిందో నమోదయ్యే రికార్డులు) తెరిచి, రెండు ఎంట్రీల మధ్య వ్యవధి ప్రతిసారీ సరిగ్గా ముప్ఫై సెకన్లే ఉందని గమనించారు. బ్యాంకు నుంచి జవాబు ఆలస్యమైతే మా ప్రోగ్రాము టైమ్అవుట్ అయి (ఎదురుచూసే గడువు ముగిసి), అదే అభ్యర్థనను కొత్త నంబరుతో మళ్లీ పంపుతోంది. పాత నంబరుతోనే పంపించి, ఆ నంబరు ముందే వచ్చి ఉంటే పాత జవాబునే తిప్పి ఇచ్చేలా మార్చగానే సమస్య తీరింది. ఆమె వాడే పనిముట్లు ఎన్నోసార్లు మారాయి గానీ, డబ్బు లెక్క ఎక్కడ తప్పుతుందో పసిగట్టే చూపు మాత్రం మారలేదు.

1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా (డేటాను పట్టికలుగా అమర్చే పద్ధతి) మీదే నేటికీ బ్యాంకుల డేటాబేస్‌లు చాలావరకు నడుస్తుండగా, ఒకప్పుడు ఎందరికో ఉపాధినిచ్చిన, వెబ్‌సైట్లలో యానిమేషన్లకు వాడిన ఫ్లాష్‌కు 2020తో మద్దతు ఆగిపోయింది. కోడును ఏఐ క్షణాల్లో రాసిస్తున్న ఈ రోజుల్లో, ఆ కోడు ఎక్కడ విఫలమవుతుందో చెప్పగలవారి అవసరం పెరుగుతుందని నేను నమ్ముతున్నాను. అందుకే కొత్తగా చేరుతున్నవారు ఆన్‌సైట్ (విదేశంలో క్లయింటు దగ్గర పని) ఎప్పుడని అడగడానికి ముందు, ఆ ప్రాజెక్టులో ప్రొడక్షన్ (ఖాతాదారులు నిజంగా వాడే వ్యవస్థ) లాగ్‌లు చూసే పని తమకు దక్కుతుందో లేదో అడగాలని కోరుతున్నాను.