మళ్ళీ ఐదో ల్యాపులోనే: ఆటోమేటిక్ బండితో ట్రాక్ డే, అర లీటరు ఆయిల్ గొడవ

129 డిగ్రీలు. పోయిన నెల చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద, సొంత బండి తోలుకోనిచ్చే ట్రాక్ డే రోజున, ఐదో ల్యాపు సగంలో గేరుబాక్స్ ఆయిల్ వేడి అది. అదీ ఆ ఆయిల్ని చల్లార్చే కొత్త కూలర్ బిగించాక! కూలర్ లేకుండా డిసెంబర్లో ఇదే ట్రాక్ మీద 131 వచ్చింది. 11 వేలు తగలేసి, రెండు ఆదివారాలు బంపర్ కింద వెల్లకిలా పడుకుంటే నాకు మిగిలింది రెండు డిగ్రీలు.

అమలాపురం నుంచి అక్కడికి దాదాపు 600 కిలోమీటర్లు. అదే బండిలో వెళ్ళి, అదే బండిని తోలి, అదే బండిలో ఇంటికి రావాలి. మొదటి సెషన్‌లోనే అది చేతులెత్తేస్తే మిగతా రోజంతా పిట్ గోడ దగ్గర నిలబడి పక్కవాళ్ళ ల్యాపులు లెక్కపెట్టుకోవడమే. అదే చేశాను.

బాగున్నవి ముందు చెప్పేస్తాను. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 బ్రేకు ఆయిల్ పోశాక తోలినంతసేపూ బ్రేకు పెడల్ మెత్తబడలేదు. ల్యాపు 2:22 నుంచి 2:19కి దిగింది. ఎడమ కాలితో బ్రేకు అలవాటైపోయింది, కాకపోతే రెండు పెడళ్ళూ ఒకేసారి తొక్కితే ఈసీయూ (బండి కంప్యూటర్) ఇంజిన్ నోరు నొక్కేస్తుంది. అంతే సంగతులు.

ఇక అసలు గొడవ. పిట్ నుంచి బయల్దేరినప్పుడు ఆయిల్ వేడి 88. మొదటి ల్యాపు చివర 97, తర్వాత 108, 116, 123. 125 దాటితే ఫోను కూత పెట్టేలా పెట్టుకున్నాను, ఐదో ల్యాపు మొదట్లో కూసింది. ఈ ల్యాపు పూర్తిచేసి లోపలికి వచ్చేద్దాం అనుకున్నాను. పొడుగాటి మలుపులోంచి బయటికొస్తూ 3 నుంచి 4కి తోశాను. 5900 దగ్గర ఉన్న ఆర్‌పీఎం ముల్లు కిందికి దిగాల్సింది పోయి 6600కి ఎగిరింది, అర సెకను బండి ఎక్కడికీ లాగలేదు, ఆ తర్వాత వెనక నుంచి ఎవరో గుద్దినట్టు గేరు పడింది. ఆ ముందున్న ఇరుకు మలుపులో 2 అడిగితే ఇవ్వనంది. కర్ర కిందికి లాగుతూనే ఉన్నాను, డయల్ మీద 3 కదల్లేదు. మెల్లగా పిట్‌లోకి తెచ్చి బానెట్ ఎత్తి, పావుగంట ఇంజిన్ ఐడిల్‌లో ఉంచాను.

ఇంటికొచ్చి ఆ రోజు రికార్డైన అంకెల లాగ్ తీశాను. నా మొదటి అనుమానం టార్క్ కన్వర్టర్ మీద, అంటే ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేరుబాక్స్‌కి అందించే భాగం మీద. లాకప్ (రెండు వైపులనీ నేరుగా కలిపి పట్టే క్లచ్) పడనప్పుడు ఇంజిన్‌కీ, గేరుబాక్స్ వైపు తిరిగే టర్బైన్‌కీ మధ్య ఆర్‌పీఎం తేడా అంతా ఆయిల్లో వేడిగా మారిపోతుంది. ఇరుకు మలుపుల నుంచి 3లో బయటికొచ్చినప్పుడు ఇంజిన్ 4300, టర్బైన్ 3870. తేడా 430. టార్క్ 170 న్యూటన్ మీటర్లనుకుంటే 7.6 కిలోవాట్లకు పైనే. మన బాత్రూముల్లో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు నాలుగు ఒకేసారి వేసి ఆ వేడంతా గేరుబాక్స్‌లోకి పంపినట్టు. అలా ఒక్కో మలుపు దగ్గర నాలుగేసి సెకన్లు. అదే మలుపు 2లో తిప్పితే 5000 దగ్గర లాకప్ వెంటనే పడుతోంది, తేడా 20 కూడా లేదు. ఆటోమేటిక్ కదా, గేరు దాని ఇష్టానికి వదిలేద్దాం అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ట్రాక్ మీద వదలొద్దు.

అయితే అది వేడికి సమాధానం, ముల్లు ఎగరడానికి కాదు.

రెండో అనుమానం కూలర్ చోటు మీద. ఏసీ కండెన్సర్ వెనక ఇరికించాను, దానికి వచ్చేది ఎలాగూ వేడి గాలే. గొట్టాలకి వేడి కొలిచే థర్మోకపుల్స్ రెండు చుట్టి చూశాను, లోపలికి 121, బయటికి 112. 13 వరసల ప్లేట్ కూలర్‌కి అది మరీ తీసిపారేసే లెక్కేం కాదు. (ట్యూబూ ఫిన్నూ రకం కొనమని సలహా ఇచ్చిన పెద్దమనిషి మాట విననందుకు ఇప్పటికీ సంతోషమే.)

మూడోది గొట్టాల వరస. కూలర్ దాటిన ఆయిల్ మళ్ళీ ఎక్స్‌ఛేంజర్‌లోకి, అంటే ఇంజిన్ నీళ్ళ పక్కనుంచి ఆయిల్ పారే కంపెనీ పెట్టెలోకి వెళ్తోంది. చల్లార్చిన ఆయిల్ని తీసుకెళ్ళి వేడినీళ్ళలో ముంచుతున్నానా అని గుండె ఝల్లుమంది. తీరా చూస్తే ట్రాక్ మీద నీళ్ళు 104, ఆయిల్ 112. అంటే అక్కడ కూడా ఆయిల్ చల్లారుతూనే ఉంది. వరస మారిస్తే రెండు మూడు డిగ్రీలు కలిసొస్తాయేమో, అంతకుమించి కాదు.

ఈలోగా బావ ఉచిత సలహా ఒకటి. వాళ్ళకి భీమవరం వైపు రొయ్యల చెరువులున్నాయి. "ఏం బావా, మా ఏరియేటర్ గేరుబాక్సుల్లో పోసే నైంటీ ఆయిల్ కొట్టెయ్, దెబ్బకి సెట్టైపోద్ది." ఆటోమేటిక్‌లో ఆ ఆయిలే క్లచ్‌లని పట్టించాలి, ఆ ఆయిలే వాల్వులని నడపాలి, చిక్కటి నైంటీ పోస్తే ఊరి పొలిమేర దాటదని అరగంట చెప్పాను. చివరికి "నీ ఇష్టం" అన్నాడు.

విషయం పట్టిచ్చింది మాత్రం రేడియేటర్ షెడ్డు ఆయన. చెరువుల మీద జనరేటర్లకి రేడియేటర్లు బాగుచేయడమే ఆయన పని, నా కూలర్‌కి బ్రాకెట్ కూడా ఆయనే వెల్డింగ్ చేశాడు. కథంతా విని, చేతిలో టార్చి ఆర్పి, "ఆయ్, అది సరేనండి. కొత్త పెట్టిలోకెళ్ళిన ఆయిల్ ఎక్కణ్ణుంచొచ్చిందండి మరి?" అన్నాడు.

నోట మాట రాలేదు. కూలర్ లైనులో నేను ఒక థర్మోస్టాట్ పెట్టాను, 80 దాటితేనే తెరుచుకునేది. ఈ గేరుబాక్స్‌కి డిప్‌స్టిక్ లేదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ 35 నుంచి 45 మధ్య ఉన్నప్పుడు లెవెల్ నట్టు విప్పి, చుక్కచుక్కగా కారితే సరిపోయిందని లెక్క. నేను 40 దగ్గర చూశాను. అప్పటికి థర్మోస్టాట్ మూసే ఉంది, కూలర్ ఖాళీ. తర్వాత రోడ్డెక్కి వేడెక్కగానే తలుపు తెరుచుకుంది, కూలరూ గొట్టాలూ నిండాయి, ఆ మేరకి కింద పాన్‌లో తగ్గింది. మళ్ళీ చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. బుర్ర పనిచెయ్యలేదు, అంతే.

మర్నాడు తెల్లవారి 5 గంటలకే మొదలెట్టాను. ఎండెక్కితే మన దగ్గర ఆయిల్ 45 డిగ్రీల హద్దు ఇట్టే దాటిపోతుంది. ఆ ముందురోజు మధ్యాహ్నం ప్రయత్నిస్తే ఇంజిన్ తిప్పకముందే ఆయిల్ 33 ఉంది, జాకీల మీద నాలుగు చక్రాలూ సమంగా ఉన్నాయో లేదో చూసుకునేసరికి 46. ఈసారి 38 దగ్గర నట్టు విప్పాను. ఒక్క చుక్క రాలేదు. సిరంజితో 100 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కిస్తే ఐదు సిరంజిలు మింగి, ఆరో దాంట్లో 20 అయ్యాక కారడం మొదలైంది. మొత్తం 520.

అప్పుడు లాగ్ మళ్ళీ తిరగేశాను. డిసెంబర్లో వేడెక్కినా ముల్లు ఎగరలేదు, కూలర్ పెట్టాకే ఈ రోగం. ఆ రోజు మూడుసార్లు ఎగిరింది, మూడుసార్లూ పొడుగాటి మలుపులోనే, బండిని పక్కకి తోసే బలం 0.7 జీ దాటినప్పుడే. స్ట్రెయిట్‌లో ఒక్కసారీ లేదు. పాన్‌లో ఆయిల్ ఒక పక్కకి పోయి, పంపు గాలి పీల్చి, క్లచ్‌కి ఒత్తిడి చాలక జారింది. ఆ నురగ వల్లా ఆ జారుడు వల్లా కొంత వేడి అదనంగా వచ్చే ఉంటుందని నా అనుమానం. ఇన్నాళ్ళూ ఈ అంకెలు నా ముందే ఉన్నాయి, నేను వేడి గడి ఒక్కటే చూస్తూ కూర్చున్నాను.

అన్నట్టు ఆటోమేటిక్‌తో రేసులేంటి అని నవ్వేవాళ్ళకి ఒక మాట. 1965లో అమెరికాలో సెబ్రింగ్ 12 గంటల రేసు గెలిచిన షాపరాల్ రేసు బండిలో ఉన్నది టార్క్ కన్వర్టరే. మరుసటి ఏడాది షాపరాల్ వాళ్ళదే 2డి బండి జర్మనీలో నూర్బుర్గ్‌రింగ్ 1000 కిలోమీటర్ల రేసు గెలిచింది. క్లచ్ లేక ఎడమ కాలు ఖాళీగా ఉందని ఆ బండ్లు కట్టిన జిమ్ హాల్ 2ఈ బండిలో ఆ కాలికి వెనక రెక్కని వాల్చే పెడల్ ఇచ్చాడు. నా ఎడమ కాలు బ్రేకుతోనే ఆగింది.

నింపిన ఆదివారం బావ వాళ్ళ చుట్టాల రైస్ మిల్లు కళ్ళంలో కోన్లు పెట్టి 12 నిమిషాలు ఎనిమిది అంకె తిప్పాను. అక్కడ వేగం లేదు, గాలి లేదు, లాకప్ పడే అవకాశమే లేదు, గేరుబాక్స్‌కి అంతకంటే నరకం ఉండదు. ఇదివరకు 118కి చేరేది, ఇప్పుడు 109. ముల్లు ఎగరలేదు. కానీ కళ్ళంలో పొడుగాటి మలుపు ఎక్కడిది, 0.5 జీ వస్తే గొప్ప. అందుకని ఇది తేలిపోయిందని చెప్పలేను.

ఆయిల్ మాత్రం మార్చాలి. తెల్ల గుడ్డ మీద చుక్క వేస్తే ఎరుపు పోయి టీ డికాషన్‌లా ఉంది, మాడు వాసన. పైకి పోయే ప్రతి పది డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల లెక్క, 129 చూసినదాన్ని ఉంచుకోను. బజార్లో అన్ని బండ్లకీ పనికొస్తుందని అమ్మే యూనివర్సల్ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్స్ ఆయిల్) మీద నాకు నమ్మకం లేదు, కంపెనీ చెప్పిన గ్రేడే పోస్తాను. పనిలో పనిగా ఆ థర్మోస్టాట్ పీకేస్తాను. డిసెంబర్ తెల్లారుజామునైనా కోనసీమలో గేరుబాక్స్ గడ్డకట్టేంత చలెక్కడిది? గొట్టాల వరస కూడా అప్పుడే మార్చేస్తాను: ముందు ఎక్స్‌ఛేంజర్, తర్వాత కూలర్, ఆ తర్వాత బాక్స్.

అన్నీ ఏప్రిల్ మొదటి వారంలోపు అయిపోవాలి. దాళ్వా కోతలు మొదలైతే కళ్ళం నిండా వడ్లే, కోన్లు పెట్టనివ్వరు. కొత్త గొట్టాలకి 10 మిల్లీమీటర్ల ఫిట్టింగులు ఆర్డర్ పెట్టాను. ఈసారి మాత్రం వేడెక్కించి, చల్లార్చి, రెండోసారి కూడా లెవెల్ చూస్తాను. టార్చి పట్టుకోడానికి షెడ్డు ఆయన వస్తానన్నాడు.