నా సంతకం ఉన్న ఐదు నెలలు

“ఉత్తగ పేరు బావా. ప్రైవేట్ లిమిటెడ్ అంటె ఇద్దరు డైరెక్టర్లు ఉండాలె. నువ్వొక సంతకం పెడితె అయిపాయె.”

2016లో హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ మా బామ్మర్ది అన్న మాట. ఆసుపత్రులకు, కాలేజీలకు హౌస్‌కీపింగ్ మనుషుల్ని పంపే కంపెనీ. పెట్టాను. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు కావాలంటే అక్కడా పెట్టాను. నెలనెలా చెక్కుబుక్కు ఇంటికొచ్చేది, టీవీ చూసుకుంటూ సంతకాలు చేసి పంపేవాణ్ణి.

2019 జూన్ చివర్లో ఇద్దరికీ చెడింది. కారణం ఇంటి పంచాయితీ, ఇక్కడ వద్దు. తెల్లకాగితం మీద రాజీనామా రాసి, స్కాన్ తీసి కంపెనీ మెయిల్‌కు పంపి, పీడ వదిలిందనుకున్నాను.

2022లో రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. పీఎఫ్ ఆఫీసు నుంచి, బాకీ ఎంతో తేల్చే 7ఏ విచారణకు సమన్లు. 2019 జనవరి నుంచి 14 నెలలపాటు 27 మంది జీతాల్లో పీఎఫ్ పట్టుకున్నారు గానీ కట్టలేదట. 20 మంది పనివాళ్లుంటే పీఎఫ్ చట్టం వర్తిస్తుందనీ, ఏ నెలది ఆ పై నెల 15లోగా కట్టాలనీ నాకు అప్పటిదాకా తెలియదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు, నిజం చెప్పాలంటే.

ముందు తెలిసిన సీఏ దగ్గరికి పోయాను. కంప్యూటర్ తిప్పి చూపించాడు: కంపెనీల శాఖ పోర్టల్‌లో నేనింకా డైరెక్టర్నే! నా రాజీనామా అందాక 30 రోజుల్లో, డైరెక్టర్ మారాడని తెలిపే డీఐఆర్-12 ఫారం కంపెనీ వేయాలి. బామ్మర్ది వేయలేదు. పీఎఫ్ ఆఫీసులో యజమానుల వివరాలు ఇచ్చే ఫారం 5ఏలోనూ నా పేరు అట్లాగే ఉంది. పైగా కంపెనీ మూడేళ్లు వరసగా లెక్కలు దాఖలు చేయకపోతే, రికార్డులో ఉన్న డైరెక్టర్లు ఐదేళ్లపాటు ఏ కంపెనీలోనూ డైరెక్టర్‌గా చేరే వీలుండదు.

“రాజీనామా సంగతి తెలిపే డీఐఆర్-11 ఫారం మీరే వేసుకోవచ్చు” అన్నాడు సీఏ. వేద్దామంటే నా డిన్, అంటే డైరెక్టర్ గుర్తింపు నంబరు, పనిచేయడం లేదు. అప్పట్లో ఏటా కేవైసీ చేయాలట, నేను ఒక్కసారీ చేయలేదు. దానికి 5,000 కట్టాను. డిజిటల్ సంతకం గడువు ఎప్పుడో తీరింది, కొత్తది తీసుకున్నాను. ఆలస్య రుసుము వేరే. చేరేటప్పుడు ఒక్క చాయ్‌తో పోయింది, బయటపడటానికి నెలన్నర తిరిగాను. పాత మెయిల్ చెరిపేయకపోవడమే నన్ను కాపాడింది, పంపిన తేదీకి రుజువు అదే.

ఆ కాగితాలు పట్టుకుని విచారణకు ధీమాగా పోయాను. “సార్, నేను పేరుకే డైరెక్టర్ని. రోజువారీ పని నాకు తెలియదు” అన్నాను. ఆ అధికారి వాదించలేదు. బ్యాంకు నుంచి తెప్పించిన చెక్కుల జిరాక్సులు బల్లమీద ముందుకు జరిపాడు.

“ఇది ఎవరి సంతకం?”

నాదే. పీఎఫ్ పట్టుకోగా మిగిలిన జీతాల చెక్కులు, జనవరి నుంచి మే దాకా. జీతంలోంచి పట్టుకున్న పీఎఫ్ యజమాని దగ్గర నమ్మి ఉంచిన సొమ్ము కిందే లెక్క, కట్టకపోతే అప్పటి శిక్షాస్మృతి ఐపీసీ 405 ప్రకారం నమ్మకద్రోహం అవుతుందని చెప్పాడు. రాజీనామా అమల్లోకి వచ్చాక జరిగినవి నా మెడకు చుట్టుకోవు, కానీ పదవిలో ఉన్నప్పటివి రాజీనామాతో పోవు. కంపెనీ ఆస్తి చాలకపోతే వసూలుకు యజమాని సొంత ఆస్తి మీదికీ రావచ్చన్నాడు. నా కళ్లముందు మడికొండలో కట్టుకున్న ఇల్లు మెదిలింది.

లెక్క వేసుకున్నాను. నెలకు 9,000 జీతం మీద కార్మికురాలి వాటా 12 శాతం, కంపెనీది 12 శాతం, కలిపి 2,160. 27 మందికి ఐదు నెలలు: 2,91,600. దానిమీద ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆలస్యానికి పెనాల్టీ వేరుగా.

మా ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసి ఏం చెప్పిందో నాకు తెలియదు, తలుపు వేసుకుని మాట్లాడింది. మర్నాడు వాడొచ్చాడు. ఆ ఐదు నెలల బాకీ, వడ్డీ సగం సగం వేసుకుని కట్టాం. మిగతా తొమ్మిది నెలలవి వాడు వాయిదా మీద వాయిదా అడుగుతూనే ఉన్నాడు.

డబ్బులు పడ్డాక, లష్కర్ సింగారంలో ఉండే ఒక అక్క ఇంటికి పోయాను. ఆ 27 మందిలో ఒకామె. ఆమె ఫోన్లోనే పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, పడిన ఐదు నెలలు వేలుపెట్టి చూపించాను. కొంచెం సంబరంగానే చూపించాను, దాచుకోను. ఆమె తెరను కిందికి జరిపింది, మళ్లీ పైకి జరిపింది.

“గివి ఐదే గద సారూ. నా జీతంల పద్నాలుగు నెల్లు పట్టిండ్రు.”