ఖిలాలో ఎగరని డ్రోన్

జగిత్యాల నుంచి వరంగల్ చేరేసరికి ఎండ ముదిరింది. చిన్నాయనకు ఖిలా చూపించాలని నేను, కొత్త డ్రోన్ ఎగరేయాలని మా అబ్బాయి. శిలాతోరణాల దగ్గర వాడు పెట్టె తెరిచాడో లేదో, చేతికర్రతో కాపలాదారు వచ్చాడు. అనుమతి కాగితం లేదు కాబట్టి డ్రోన్ మళ్లీ పెట్టెలోకే వెళ్లింది.

"ఇదీ నో ఫ్లై జోనేనా?" అని వాడు మూతి ముడిచాడు.

చిన్నాయన నవ్వాడు. "అసలుది నేను చూశాను బిడ్డా."

తొంభైలలో ఆయన కువైట్‌లో మేస్త్రీ. షియా ముస్లింలపై ఇరాక్ అధ్యక్షుడు సద్దాం విమానదాడులను ఆపుతామంటూ 1992లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి 32వ అక్షాంశానికి దక్షిణాన ఇరాక్ విమానాలు ఎగరరాదని నో ఫ్లై జోన్ పెట్టాయి. 1996లో హద్దును 33కు జరిపారు. కాపలా విమానాలు కొన్ని కువైట్ నుంచే లేచేవి. "మేం స్లాబు పోస్తుంటే నెత్తిమీద ఉరిమేవి. ఎక్కడికో, ఎందుకో రాత్రి రేడియో చెప్పాలి," అన్నాడు.

ఇరాక్ ఉత్తరాన కుర్దు జాతివాళ్ల కోసం 1991లోనే అలాంటి నిషేధం పెట్టారు. వాళ్లకు ఊపిరి సలిపిన మాట నిజం. కానీ అందుకు ఆధారంగా చూపిన ఐక్యరాజ్యసమితి 688వ తీర్మానంలో గగనతల నిషేధం మాటే లేదు. పైగా 1994 ఏప్రిల్‌లో అక్కడే అమెరికా యుద్ధవిమానాలు తమ సొంత హెలికాప్టర్లు రెండింటిని పొరబాటున కూల్చేశాయి. 26 మంది పోయారు.

ఏకశిల గుట్ట ఎక్కి చూస్తే మట్టికోట చుట్టు కనిపించింది. శత్రువు నేల మీదుగానే వస్తాడని కట్టిన గోడ అది. బోస్నియా యుద్ధంలోనూ ఇలాగే నో ఫ్లై జోన్‌తో ఆకాశానికి తాళం వేశారు, నేలను వదిలేశారు. 1995 జులైలో అక్కడి స్రెబ్రెనిత్సా పట్టణంలో దాదాపు 8,000 మందిని చంపినవాళ్లకు విమానాల అవసరమే పడలేదు.

2011లో లిబియాపై ఐక్యరాజ్యసమితి నో ఫ్లై జోన్ తీర్మానానికి భారత్ ఓటు వేయకుండా ఊరుకుంటే నాకు పిరికితనం అనిపించింది. పౌరుల రక్షణకని మొదలైనది అక్కడి పాలకుడు గడాఫీ పతనం దాకా సాగాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఎగరవద్దన్నవాడు కూల్చడానికీ సిద్ధపడాలి. 2022లో తన ఆకాశానికి అలాంటి నిషేధం పెట్టమని ఉక్రెయిన్ ఎంత అడిగినా నాటో ఒప్పుకోనిది అందుకే. కూల్చాల్సింది రష్యా విమానాలను మరి.

దిగివస్తుంటే కాపలాదారు మా అబ్బాయిని ఆపి, ఆ పెట్టె వైపు చూస్తూ అడిగాడు: "ఎంత ఎత్తు ఎగురుతుంది బాబూ?"