క్లబ్‌హౌస్ ఉన్న కాలనీ సంఘం లెక్కలు

గేటెడ్ కమ్యూనిటీ సంఘం లాభం కోసం పనిచేయదు కాబట్టి పన్నులుండవు అనుకునే కమిటీలు హైదరాబాద్‌లో చాలానే ఉన్నాయి. అది సగమే నిజం.

సభ్యులు తమలో తాము వేసుకునే మెయింటెనెన్స్‌పై ఆదాయపు పన్ను లేదు. అదే డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే వచ్చే వడ్డీకి మాత్రం పన్ను కట్టాలి. బెంగళూరు క్లబ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. బయటివాళ్లకు హాలు అద్దెకిస్తే వచ్చేదీ అంతే. అందుకే ఈ రెండింటికీ మొదటి నుంచే వేరే ఖాతా పద్దులు పెట్టాలి. మార్చిలో విడదీయాలంటే ఆడిటర్‌కూ కోశాధికారికీ నరకమే.

జీఎస్టీ దగ్గర తకరారు ఎక్కువ. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటి, ఫ్లాట్‌కు నెల చందా 7,500 మించితేనే 18 శాతం. కేంద్ర ఆర్థిక శాఖ 2019 సర్క్యులర్ ప్రకారం 7,600 వసూలు చేస్తే ఆ మొత్తం 7,600 మీదా పన్ను పడుతుంది: 1,368 రూపాయలు. అదనపు 100 మీదే, అంటే 18 రూపాయలే అని మద్రాసు హైకోర్టు 2021లో చెప్పింది. మన దగ్గర ఏ లెక్కన కట్టాలో ఆడిటర్‌తో రాతపూర్వకంగా తీసుకోండి. ఒకే యజమానికి రెండు ఫ్లాట్లుంటే పరిమితి ఒక్కో ఫ్లాట్‌కు విడివిడిగా.

కార్పస్ సొమ్ముతో, అంటే పెద్ద పనుల కోసం దాచిన మూలనిధితో, జిమ్ జీతాలిచ్చే సంఘాలకు ఆ తప్పు లిఫ్టులు మార్చాల్సిన ఏడాది తెలుస్తుంది. ఈత కొలను, జిమ్ రోజువారీ ఖర్చు వాడుక రుసుముతోనో చందాతోనో రావాలి, కార్పస్‌ను ముట్టుకోకూడదు.