బ్లూబెర్రీ తోటలో ఈగల లెక్క

న్యూజెర్సీలో హమ్మంటన్ దగ్గర ఒక బ్లూబెర్రీ తోటలో వేసవికి స్కౌటింగ్ పని దొరికింది. తోటంతా తిరిగి ఏ పురుగు ఎంత ఉందో చూసి రాసుకోవడమే స్కౌటింగ్. నాకు అప్పగించింది స్పాటెడ్ వింగ్ డ్రోసోఫిలా. మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగల జాతే, తూర్పు ఆసియాది. 2008లో కాలిఫోర్నియాలో కనబడి, 2011కి న్యూజెర్సీ చేరింది. ఆ మామూలు ఈగలు కుళ్లిన పండు వెతుక్కుంటాయి. ఇది చెట్టు మీద రంగు తిరుగుతున్న మంచి పండులోనే గుడ్డు పెడుతుంది. రైతుకు టెన్షన్ అందుకే.

ట్రాప్‌కి పెద్ద ఖర్చేం లేదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు పక్కల చిన్న కన్నాలు పెట్టి, ఆపిల్ సైడర్ వెనిగర్ పోసి, పడ్డ ఈగ మునిగిపోయేలా ఒక చుక్క సబ్బు కలపడమే. అడవి అంచు వరుసల్లో, పొద నీడలో, కాయలున్న ఎత్తులో కట్టాం. వారానికోసారి మార్చాలి. పాత వెనిగర్ తోటలో పారబోయకూడదు, దానికీ ఈగలు వస్తాయి.

వడగట్టాక మొదలవుతుంది అసలు పని. మా గుంటూరు పత్తి చేలల్లో ఒక్క జాతి ఆడపురుగు వాసనతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్టలో పడేవి దాదాపు అన్నీ గులాబీ రంగు పురుగు రెక్కల పురుగులే, లెక్క తేలిక. వెనిగర్ వాసనకైతే ఆ చుట్టుపక్కలున్న రకరకాల ఈగలన్నీ వచ్చి పడతాయి. ఒంటి పొడవు 2-3 మిల్లీమీటర్లే, భూతద్దం లేనిదే కుదరదు. మగదాన్ని పట్టడం సులువు: రెక్క చివర నల్ల మచ్చ, ముందు కాళ్ల మీద రెండేసి నల్ల పట్టీలు. ఆడదానికి మచ్చ ఉండదు. సూదితో వెల్లకిలా తిప్పి, పొట్ట చివర గుడ్లు పెట్టే భాగం చూడాలి. దానికి రంపం పళ్లు, ముదురు రంగువి. పండు తోలు కోసేది వాటితోనే. రెండు గంటలు అలా చూస్తే మెడ పట్టేసేది.

ఇంత చేసినా ట్రాప్ చెప్పేది ఈగ వచ్చిందనే. పండులో పురుగుందో లేదో ఉప్పునీళ్లు చెప్పాలి. గుప్పెడు పండ్లు జిప్ కవర్లో వేసి, తోలు పగిలేలా మెల్లగా నొక్కి, నాలుగు కప్పుల నీళ్లకు పావు కప్పు ఉప్పు లెక్కన పోసి, అరగంట ఆగాం. పైకి గీత కూడా లేని పండ్లవి. కాసేపటికి ఒక దాంట్లోంచి సన్నటి తెల్ల పురుగు మెలికలు తిరుగుతూ బయటికొచ్చింది.

ముందే కోతకొచ్చే డ్యూక్ రకం చాలావరకు తప్పించుకుంది. దెబ్బ ఆలస్యంగా పండే ఎల్లియట్‌కే. తోటాయన దాని కోతల మధ్య ఎడం తగ్గించి, కోసినవి వెంటనే కోల్డ్ రూమ్‌కి పంపి, తర్వాతి స్ప్రేకి వేరే గ్రూపు మందు, అంటే పురుగు మీద వేరే విధంగా పనిచేసేది, తీశారు.